గాజు పొరల నడుమ వసుమంతుడు

పడవ ముక్కు నిప్పుదిబ్బ ఇసుకను తాకీ తాకకముందే ప్రభంజనుడు నీళ్ళలోకి దూకబోయాడు. వెనక తెడ్డు వేస్తున్న సింగారి అతని నడికట్టు పట్టుకుని లాగింది. యవన దేశపు పెద్ద వర్తకుడు ఎక్కడైనా చెప్పులు చేత పట్టుకుని మోకాటిలోతు నీళ్ళలో పరుగెత్తుతాడా అని మందలించింది. ప్రభంజనుడు నాలుక కరుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

ఏం చేస్తాడు పాపం! విద్రుమపుర మహారాజుగారి ఈ రెండో కొడుక్కి పుట్టినప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదు. పాఠం ముగిసేదాకా గురువు ఎదుట కూర్చున్న పాపాన పోలేదు. భోజనానికి కూర్చుంటే పెరుగన్నం దాకా ఆగిన రోజు లేదు. అటువంటివాడికి గోరింటాకుతో ఎర్రబరచిన పెట్టుడు గడ్డం తగిలించి, భుజం మీద ముడి వేసిన తెల్లని యవన వస్త్రం చుట్టబెట్టి, తొణక్కుండా బెణక్కుండా నడవమంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. కాలు కాలిన పిల్లి చేత పట్టపుటేనుగు నడక నడిపించడమే అది.

అయినా నడవక తప్పదు. అన్న ప్రాణం మీదికి వచ్చింది.

అన్న వసుమంతుడు తమ్ముడికి పూర్తిగా వేరు. నిదానస్థుడు, మెత్తనివాడు, విద్రుమపురానికి కాబోయే రాజు. అతనికున్నది ఒకటే పిచ్చి, యవనుల గాజు చషకాలు. మధువు తాగడానికి ఆ దేశంవాళ్ళు ముచ్చటపడి చేసుకునే గిన్నెలవి. ఓడ రేవులో దిగిందని వింటే చాలు, తాను యువరాజునన్న సంగతి మరిచిపోయి సరుకు పెట్టెల గడ్డిలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికేవాడు. ఆ పిచ్చిని ఎరగా వేసి నిప్పుదిబ్బ మాంత్రికుడు కాచకేతుడు అతన్ని పిలిపించాడు. లోకంలో మరెక్కడా లేని చషకాలు నా దగ్గరున్నాయి, వచ్చి చూసిపొమ్మని కబురు పెట్టాడు. వెళ్ళిన వసుమంతుడు తిరిగి రాలేదు.

అతనికి పట్టిన గతి ఏమిటో విద్రుమపురం రేవులో ఉండే ఒక ముసలి యవన నావికుడు చెప్పాడు. కాచకేతుడు మనిషిని చిటికెన వేలంత బంగారు రేకు బొమ్మగా మార్చేస్తాడు. ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే రెండు గాజు గిన్నెల నడుమ ఆ రేకును పరిచి, అంచులు కరిగించి అతికేస్తాడు. లోపలి మనిషి చావడు, బతకడు. ప్రతి పౌర్ణమికీ మాంత్రికుడు ఒక చషకాన్ని భగభగ మండే కొలిమిలో పడేసి కరిగిస్తాడు. కరిగినవాడి ఆయువు తనకు కలిసివస్తుంది. రేపే పౌర్ణమి. రేపు ఎవరి వంతో కాచకేతుడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్క దారి మాత్రం ఉందని కూడా ఆ ముసలివాడే చెప్పాడు. కాచకేతుడు గాజు విద్యను ఒక యవన గురువు దగ్గర నేర్చాడు. యవనుడెవడైనా అతిథిగా వస్తే అతను కోరిన చషకంలో మధువు పోసి ఇస్తాననీ, తాగిన చషకం ఆ అతిథికే వదిలేస్తాననీ గురువుకు మాట ఇచ్చాడు. ఆ మాట తప్పిన రోజున అతని మంత్రాలన్నీ నీరుగారిపోతాయి. అందుకే ఈ వేషం. నావికుడు ప్రభంజనుడికి యవన భాష నేర్పాడు, మెలాంథుడనే పేరు పెట్టాడు, ఎలా నవ్వాలో ఎలా పడుకుని తినాలో కూడా నేర్పాడు. చషకం చేజిక్కితే మిగతా పని సింగారిది. ఆమె విద్రుమపురంలో గాజుల కొలిమి నడిపే పెద్దాయన కూతురు. గాజులు పోసే కొలిమి బూడిదలో ఆ చషకాన్ని కప్పి నిదానంగా కాచితే, రెండు పొరలూ వాటంతటవే విడిపోతాయనీ, లోపలివాడు ప్రాణాలతో బయటపడతాడనీ ఆమె ధైర్యం చెప్పింది. పడవ కూడా ఆమెదే.

కాచకేతుడి మండపం వెనక కొండవాలు మీద కొలిమి బూడిద కుప్పలుగా పోసి ఉంది. దాని అడుగున, రాళ్ళ చాటున పడవ దాచి ఉంచుతానని చెప్పి సింగారి వెళ్ళిపోయింది. ప్రభంజనుడు గడ్డం సర్దుకుని మెట్లెక్కాడు. సగం మెట్ల దాకా వర్తకుడిలా ఎక్కాడు. ఆ మిగతా సగం ఎలా ఎక్కాడో అడక్కండి.

తలుపు తీసినవాడే కాచకేతుడు. కోరలూ జడలూ ఉంటాయనుకున్న ప్రభంజనుడు తెల్లబోయాడు. పొట్టి మనిషి, బొద్దుగా, నవ్వు మొహంతో పెళ్ళిపెద్దలా ఉన్నాడు. కనుబొమలు మాత్రం లేవు. కొలిమి సెగకు ఎప్పుడో కాలిపోయి ఉంటాయి. వేళ్ళ కొసలు నున్నగా మాడిపోయి ఉన్నాయి. చేతిలో మూరెడు ఇనుప కడ్డీ ఉంది. మాట మాత్రం పాకంలా సాగుతుంది. దూరదేశం నుంచి వచ్చిన అతిథికి స్వాగతమనీ, మీ వాళ్ళను చూసి చాలాకాలమైందనీ, గురువుగారి భాష వినక చెవులు తుప్పు పట్టాయనీ యవన భాషలో అంటూ లోపలికి తీసుకుపోయాడు.

ఔరా, ఆ మండపం! పైకప్పు నిండా పలకలు పలకలుగా గాజు. నడినెత్తి మీది సూర్యుడు ఆ పలకల్లోంచి దిగివచ్చి, గోడల నిండా తొలిచిన గూళ్ళలో ఒక్కొక్క చషకాన్నీ వెలిగిస్తున్నాడు. అడుగున పీటలేని గుండ్రని గిన్నెలు కనుక నేల మీద నిలబడవు. ప్రతిదాన్నీ గోరువెచ్చని ఇసుకలో కూర్చోబెట్టారు. ఒక గోడ నిండా ముదురునీలపు చషకాలు. వాటి మీద పసుపూ తెలుపూ దారాలు చుట్టి, వేడిగా ఉండగానే మొనతో పైకీ కిందికీ లాగినందువల్ల నెమలి ఈకల్లాంటి గీతలు తేలాయి. మట్టి ముద్ద చుట్టూ కరిగిన గాజు పోసి, చల్లారాక లోపలి మట్టిని గోకి తీసేస్తే మిగిలిన గిన్నెలవి. మరో గోడన రంగురంగుల గాజు కడ్డీలను పువ్వుల్లా పేర్చి, ముక్కలు కోసి, పక్కపక్కన అతికి వంచిన చషకాలు. వాటిలోకి చూస్తే తోట మీదికి వంగి చూసినట్టుంది. ఇంకొక వరుసలో మంచునీటిలా తేటగా ఉన్నవి. పారసీక చక్రవర్తుల వెండి గిన్నెలను చూసి యవనులు ఆ ఆకారాన్నే గాజులో దించారు, పూరేకుల్లాంటి కమ్మలుగా ఉబ్బిన పొట్టతో సహా. కొన్నింటి అడుగున మిసర దేశపు తామర విచ్చుకుని ఉంది. కొన్నింటి అంచున యవనుల ద్రాక్షతీగ పాకుతోంది. ఒక దేశం చెయ్యి ఇంకొక దేశం చేతిని పట్టుకుని గీసినట్టుందని వసుమంతుడు ఇటువంటివి చూసి మురిసిపోయేవాడు. వాటన్నిటిలోనూ రెండు పొరల నడుమ బంగారం తళతళలాడుతోంది.

ఆ బంగారంలో మనుషులు. వేటగాళ్ళుగా, వీణలు పట్టినవాళ్ళుగా, ఏనుగుల మీద, గుర్రాల మీద, మొహాలు గింజలంతేసి.

మండపంలో ఉక్క భరించరానంతగా ఉంది. నేల కింద నుంచి కొలిమి సెగ వస్తోంది. కిటికీలన్నిటికీ మందపాటి చెక్క తలుపులు బిగించి, సందుల్లో మైనం కూరారు. గాలి ఆడడం లేదు. కాచకేతుడు అతన్ని యవన మర్యాద ప్రకారం ఎడమ మోచేతి మీద ఆనించి పరుపు మంచం మీద పడుకోబెట్టాడు. పడుకోవడమంటే మాటలా! ప్రభంజనుడి కాళ్ళు ఒకదానినొకటి తన్నుకుంటున్నాయి. ఈ లోపల సేవకుడు చిక్కని ద్రాక్షమధువు కూజాతో తెచ్చి ఎదుట పెట్టాడు. కాచకేతుడు నవ్వుతూ చూస్తున్నాడు.

ఇది మొదటి పరీక్ష అని ప్రభంజనుడికి తట్టింది. నీళ్ళెక్కడ అని అడిగాడు. నీళ్ళు కలపని మధువు అడవి మనుషులు తాగుతారు గానీ యవనులు తాగుతారా అని కొంచెం కోపం కూడా ప్రదర్శించాడు. ముసలి నావికుడు ఈ ముక్కను నూరిపోశాడులెండి. కాచకేతుడు క్షమించమని వేడుకుని, వెచ్చటి నీళ్ళు తెప్పించి, దగ్గరుండి కలిపించాడు. ఇక చషకం మీ ఇష్టం, ఈ మండపంలో ఏది కోరితే అది అని చేతులు చాచాడు.

ఇంకేముంది, ప్రభంజనుడు చెంగున లేచాడు. లేచాక గుర్తొచ్చి, నడుము నొప్పి నటిస్తూ మెల్లగా గూళ్ళ వెంట నడిచాడు. ఇన్నిటిలో అన్న ఏది? అన్ని బొమ్మలకూ ఒకే యవన వేషం, ఒకటే ఉంగరాల జుట్టు. మొహాలు చూసి పోల్చుకుందామంటే అవి ఆవగింజలు. ఒక గూడు దాటాడు, మరొకటి దాటాడు. వెనక నుంచి మాంత్రికుడి చూపు వీపుకు గుచ్చుకుంటోంది. తప్పు చషకం ఎంచుకుంటే మళ్ళీ అడిగే వీలుండదు.

బందీ మనసులో ఉన్నదే చషకం మీద నగిషీగా పూస్తుందని నావికుడు ఒకసారి అన్నాడు. అన్న మనసులో ఏముంటుంది? గాజే ఉంటుంది. పారసీక పొట్ట, మిసర తామర, యవన తీగ, మూడూ కలిసిన చషకాన్ని అన్న బొగ్గుతో గోడల మీద గీసి తిట్లు తినేవాడు. ప్రభంజనుడు అటువంటివాటినే చూడసాగాడు. అటువంటివి కూడా గూడు గూడుకీ ఉన్నాయి. చెమట గడ్డంలోంచి కారి, అతికించిన జిగురు వదులవుతోంది.

సముద్రం వైపు కిటికీ పక్కన, చివరి గూటిలో ఒకటి కనిపించింది. కమ్మల పొట్ట, అడుగున తామర, అంచున ద్రాక్షతీగ. తీగ కింద సన్నని చుక్కల వరుస. ఆ చుక్కల చుట్టూ మెలికలు తిరిగిన గీత. ప్రభంజనుడు ఊపిరి బిగబట్టి వంగాడు. అది ముగ్గు. ఏ యవనుడూ ఏ పారసీకుడూ గీయని ముగ్గు. పైగా చివరి మెలిక కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగింది. విద్రుమపురం అంతఃపురంలో అలా ఎడమకు తిప్పి ముగ్గేసే మనిషి ఒక్కతే ఉంది. వాళ్ళమ్మ. ఆ ముగ్గు నడుమ, చేయి పైకెత్తి నిలబడిన బంగారు బొమ్మ మొహంలోకి చూసేసరికి ప్రభంజనుడి కళ్ళు చెమర్చాయి. ఏడవకూడదని పళ్ళు కొరుక్కున్నాడు.

ఇది కావాలన్నాడు. కాచకేతుడు ఆ బొమ్మ మొహాన్నీ అతని మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. తరువాత మంచి ఎంపిక అంటూ తానే ఇసుకలోంచి తీసి, మెత్తని గుడ్డతో అంచును చుట్టూ శ్రద్ధగా తుడిచి, మధువు నింపి రెండు చేతులా అందించాడు. అడుగున పీటలేని గిన్నె కనుక కింద పెట్టే వీల్లేదు. పుచ్చుకున్నవాడు తాగి తీరాలి. చషకం అరచేతిలో వెచ్చగా ఉంది. తాగితే అన్న తన సొంతం. ప్రభంజనుడు ఆలస్యం చేస్తాడా? తల వెనక్కి వాల్చాడు, చషకాన్ని జానెడు పైకి ఎత్తాడు, ధారగా నోట్లో పోసుకుని, ఒక్క చుక్క కింద పడకుండా గటగటా మింగేశాడు.

అయ్యో నాయనా!

విద్రుమపురంలో పాలు మానిన పసివాడి దగ్గర నుంచి మహారాజు దాకా నీళ్ళైనా మజ్జిగైనా అలాగే ఎత్తి పోసుకుంటారు. పాత్రకు పెదవి తగిలిందంటే ఎంగిలి. ఎంగిలి చేసిన చెంబు కడిగేదాకా ఇంకొకరు ముట్టుకోరు. అది వాళ్ళకు నేర్పనక్కరలేని సంగతి, ఊపిరి పీల్చడం లాంటిది. యవనులు అంచుకు పెదవి ఆనించి చప్పరిస్తూ తాగుతారు. అదీ వాళ్ళకు నేర్పనక్కరలేని సంగతే. ముసలి నావికుడు నీళ్ళు కలపడం నేర్పాడు, పడుకోవడం నేర్పాడు, దగ్గడం కూడా నేర్పాడు. తాగడం మాత్రం నేర్పలేదు. మనిషన్నవాడికి తాగడం కూడా చెప్పాలా అనుకున్నాడు. ప్రభంజనుడూ అడగలేదు. లోకంలో తాగే పద్ధతి ఇంకొకటి ఉంటుందని అతనికి తోస్తే కదా అడగడానికి.

కాచకేతుడి మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలోంచి జారిపోయింది. ఈసారి అతను యవన భాషలో మాట్లాడలేదు. అచ్చమైన విద్రుమపురం మాట మాట్లాడాడు.

“మీ అన్న నీకంటే మర్యాద తెలిసినవాడయ్యా. మీ అమ్మ ఎంగిలని తిట్టినా వినకుండా యవనుల్లా తాగడం నేర్చుకున్నాడు. బుద్ధిగా పెదవి ఆనించాడు. నువ్వూ ఆనించి ఉంటే ఈపాటికి వాడి పక్కన నిలబడి ఉండేవాడివి.”

అప్పుడు అర్థమైంది ప్రభంజనుడికి, ఆ మెత్తని గుడ్డతో అంచంతా తుడిచిన తుడుపు ఎందుకో. మనిషిని రేకుగా మార్చే పూత అంచుకే పూశాడు. తాగిన చషకం అతిథిదే అన్న మాట నిలుస్తుంది, అతిథీ చషకంలోనే ఉండిపోతాడు. గురువుకిచ్చిన మాటా తప్పదు, సొమ్మూ గడప దాటదు. తన పొరపాటే తనను పట్టిచ్చింది, తన పొరపాటే తనను బతికించింది. ప్రభంజనుడి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ కాళ్ళు మాత్రం అప్పటికే పరుగు మొదలెట్టాయి.

యవనుడు కానివాడికి ఇచ్చిన మాటేమీ లేదుగా! కాచకేతుడు ఇనుప కడ్డీతో పక్క గూటిలోని పారసీక చషకాన్ని ఠంగున కొట్టాడు. దానిలో వేట బొమ్మ ఉంది. ఆ వేటలోని సింహం గాజు పొర చీల్చుకుని బయటికి దూకింది. నేలను తాకేసరికి ఎద్దంత అయింది. జూలు, గోళ్ళు, కోరలు అన్నీ మేలిమి బంగారం. కాని మందమెంత? రేకంతే. ఎదురుగా నిలబడితే మిరుమిట్లు గొలుపుతూ మీదికి వస్తుంది. పక్కకు తిరిగిందంటే గాలిలో గీత కూడా కనిపించదు. ఒక్క పంజా విసిరింది. పరుపు మంచం నిలువునా రెండు ముక్కలైంది. ఇంకో పంజాకు ప్రభంజనుడి ఎర్రగడ్డం సగం తెగి దూరాన పడింది. గడ్డం కింద మెడ మిగిలింది కదా అని సంతోషించాడు.

స్తంభం చుట్టూ తిరిగాడు, సింహం తిరిగింది. కూజా విసిరాడు, అది చీల్చుకుని వచ్చింది. చషకాన్ని గుండెకు అదుముకుని, రొప్పుతూ కిటికీ గోడకు చేరగిలబడ్డాడు. సింహం మెల్లగా దగ్గరకు వచ్చి మొహంలో మొహం పెట్టింది. ప్రభంజనుడు రొప్పిన ప్రతిసారీ దాని మీసాలు, జూలు, చివరికి తలకాయ కూడా అల్లల్లాడడం అప్పుడు కనిపించింది. తన ఊపిరికే ఇంత ఊగుతోందా? ఇంత ఉక్కలో ఈ కిటికీలన్నీ మూసి మైనం ఎందుకు కూరారో చటుక్కున వెలిగింది.

విరిగిన మంచం కోడు అందుకుని బలమంతా పెట్టి కిటికీ తలుపును బాదాడు. మైనం ఊడింది, గడియ విరిగింది, సముద్రపు గాలి హోరుమని మండపంలోకి దూసుకొచ్చింది. ఎద్దంత సింహం విస్తరాకులా ఎగిరి, నలిగి, చుట్టలు చుట్టుకుని పోయి స్తంభానికి అంటుకుపోయింది. కాచకేతుడి గొంతు మొదటిసారి పాకం వదిలేసింది. కిటికీ మూయండిరా, ఇసుక కప్పండిరా అని సేవకుల మీద విరుచుకుపడ్డాడు. వాళ్ళు గూళ్ళలోని చషకాల మీద వెచ్చని ఇసుక గుమ్మరిస్తూ, కిటికీ మూయబోతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. ఆ గందరగోళంలో ప్రభంజనుడి గుండెల దగ్గర టిక్కుమని ఒక చిన్న చప్పుడైంది. అతను వినిపించుకోలేదు. చషకాన్ని యవన వస్త్రంలో చుట్టి మెడకు ముడివేసుకుని కిటికీలోంచి దూకేశాడు.

కింద కొలిమి బూడిద కొండలా పోసి ఉందని చెప్పుకున్నాం కదా. దాని మీద కూర్చున్నపళంగా జర్రున జారాడు. వెనక నుంచి కాచకేతుడు విసిరే కరిగిన గాజు ముద్దలు ఎర్రగా ఎగిరివచ్చి అటూ ఇటూ పడుతున్నాయి. ఒకటి చెవి పక్కనుంచే పోయింది. బూడిద మేఘంలోంచి, తలా మొహమూ తెల్లబారి, ఒకవైపు మాత్రమే గడ్డమున్న ఆకారం పడవ పక్కన దభీమని పడేసరికి సింగారి తెడ్డు ఎత్తి కొట్టబోయింది. ఎవరో పోల్చుకుని, మారు మాట లేకుండా పడవను నీళ్ళలోకి నెట్టింది.

రాళ్ళు దాటారు. అలలు దాటారు. తెరచాప గాలి పట్టింది. ద్వీపం వేలెడంత అయ్యేదాకా ప్రభంజనుడు వెనక్కి చూడలేదు. తరువాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. మండపంలో జరిగిందంతా ఉరుకులు పరుగుల మీద చెప్పాడు. బతుకుజీవుడా అనుకుని, అన్నను చూపిస్తానంటూ ముడి విప్పి చషకాన్ని ఎండకు ఎత్తాడు.

సింగారి నవ్వలేదు. దాన్ని చూస్తూనే తెడ్డు వదిలేసి, గబగబా తన పైటకొంగుతో కప్పింది. అంచు మీద వెంట్రుకవాసి చీలిక ఉంది. ద్రాక్షతీగను దాటి, ముగ్గును దాటి కిందికి దిగింది. పైకెత్తిన బంగారు చేతికీ దానికీ నడుమ గోరు పట్టేంత చోటు మిగిలింది. వాళ్ళు చూస్తుండగానే మళ్ళీ టిక్కుమంది. ఇప్పుడు గోరు కూడా పట్టదు.

సింహాన్ని ఎగరగొట్టిన గాలే ఇదీ చేసింది. వెచ్చని గాజుకు చల్లగాలి తగిలింది. ఆ కిటికీ పగలగొట్టింది ప్రభంజనుడే. చషకాన్ని తీసుకుని నడికట్టులోకి దోపి, పొట్ట చర్మానికి ఆనించుకుని, రెండు చేతులతో కప్పుకుని ముడుచుకున్నాడు.

కొంచెంసేపటికి అతని మొహం మారింది. గాజు వెచ్చబడుతున్నకొద్దీ లోపల నుంచి ఏదో మెల్లగా పొట్టకు తగులుతోంది. ఒకసారి, ఆగి మరోసారి. నిదానంగా, తొందరలేకుండా. అన్న గుండె అది. మనిషి ఎంత నిదానస్థుడో గుండె కూడా అంత నిదానంగానే కొట్టుకుంటోంది. ప్రభంజనుడు ఈసారి పళ్ళు కొరుక్కోలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. సింగారి తల పక్కకు తిప్పుకుంది.

విద్రుమపురం చేరడానికి ఇంకా ఎంతసేపు పడుతుందని కాసేపటికి అడిగాడు. గాలి అనుకూలిస్తే రేపు సాయంత్రానికి అంది. అన్నాక కూడా ఇంకేదో చెప్పాలన్నట్టు తెరచాప తాడును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. అతను అడిగితే అప్పుడు చెప్పింది.

“ఇది ఊరిదాకా ఆగదు చిన్నదొరా. ఒంటి వేడి దీనికి చాలదు, చలిగాలి తగిలినప్పుడల్లా ఇంకాస్త పాకుద్ది. పొద్దుగూకేలోగా కొలిమి బూడిదలో పెట్టాలి. లేదంటే పెద్దదొర మనకు దక్కడు.”

ఈ దాపున కొలిమి ఎక్కడుందని ప్రభంజనుడు అడగబోయి ఆగిపోయాడు. సింగారి జవాబు చెప్పనక్కర లేకుండా వెనక్కి చూస్తోంది. దూరాన నిప్పుదిబ్బ మీద నల్లటి పొగ తాడులా పైకి లేస్తోంది. దాని అడుగు నుంచి కాచకేతుడి పడవలు ఒక్కొక్కటే బయలుదేరుతున్నాయి. ఎర్ర తెరచాపలు, బారులు తీరి, ఇటే.

అతను మిగిలిన సగం గడ్డం పీకి సముద్రంలో పారేశాడు.

“తిప్పు” అన్నాడు.

వాళ్ళు చంపేస్తారు దొరా అని సింగారి నెమ్మదిగా అంది. తెలుసన్నాడు. ఆమె చుక్కాని మీద బరువంతా వేసింది. పడవ ఒక పక్కకు ఒరిగి, మెల్లగా తిరిగి, వచ్చిన దారికే ముక్కు పెట్టింది. చల్లగాలి మొహాన కొట్టింది. ప్రభంజనుడు గాలికి వీపు అడ్డం పెట్టి, అన్న గుండె మీద రెండు చేతులూ బిగించాడు. గుండె కొట్టుకుంటూనే ఉంది. మొదటి ఎర్ర తెరచాప వాళ్ళను చూసి వాళ్ళ మీదికే మళ్ళింది, సింగారి మాత్రం పడవను సూటిగా పొగ కేసే పోనిచ్చింది.